గొడ్డలి ఎవరిదో అడిగారు... మరి చెట్టు ఎవరిది?

కట్టెలు కొట్టేవాడి కథ తెలియని ఇల్లు తెలుగునాట ఉండదేమో. ఏటి ఒడ్డున చెట్టు కొడుతుంటే చేయిజారి గొడ్డలి నీళ్ళలో పడిపోతుంది. లబోదిబోమని ఏడుస్తుంటే దేవత ప్రత్యక్షమవుతుంది. బంగారు గొడ్డలి చూపించి 'ఇది నీదేనా?' అంటుంది. కాదంటాడు. వెండి గొడ్డలి చూపిస్తుంది. అదీ కాదంటాడు. ఇనుప గొడ్డలి తీయగానే 'అమ్మా, ఇదే నాది' అంటాడు. నిజం చెప్పినందుకు మూడు గొడ్డళ్ళూ అతనికే దక్కుతాయి. కథ కంచికి, పిల్లలు నిద్రకు!

అంతా బాగానే ఉంది. కానీ ఆ దేవత ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోయింది. 'ఇంతకీ నువ్వు కొడుతున్న ఆ చెట్టు ఎవరిది నాయనా?'

ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వైపు సాగే అడవి అంచుల్లో ఈ ప్రశ్న రోజూ వినిపిస్తూనే ఉంటుంది. అడిగేది మాత్రం దేవత కాదు. ఒకసారి బీటు ఆఫీసరు అడుగుతాడు. ఒకసారి సర్వే గొలుసు పట్టుకొచ్చినవాళ్ళు అడుగుతారు. ఇంకోసారి కోర్టు అడుగుతుంది. జవాబు చెప్పాల్సినవాళ్ళు కోయలు, కొండరెడ్లు. వాళ్ళ దగ్గర బంగారు గొడ్డలీ లేదు, వెండి గొడ్డలీ లేదు. ఉన్నది ఇనుప గొడ్డలే. చాలాసార్లు నిజం చెప్పినా అదీ చేతికి తిరిగి రాదు.

అడవి గురించి పిల్లలకు చెప్పే కథలూ, పెద్దలు చదువుకునే నవలలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. పిల్లల కథ 'చెట్టుకేమైంది?' అని అడుగుతుంది. పెద్దల నవల 'చెట్టు ఎవరిది?' అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒకే కథలో కలిసేది అరుదు. భద్రాచలం అడవుల్లో మాత్రం అవి రెండూ ఒకే ప్రశ్న.

అమ్మానాన్నలే విలన్లయితే?

మన పాత కథల్లో అడవి ఎప్పుడూ దాటాల్సిన చోటే. కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి. రాజకుమారుడు గుర్రమెక్కి అందులోంచి వెళ్ళాలి. దారిలో పులి, మర్రిచెట్టు తొర్రలో రాక్షసుడు. ఎలాగోలా ఆవలికి చేరితే బతికినట్టు.

చర్ల దగ్గరో దుమ్ముగూడెం దగ్గరో పుట్టిన కోయపిల్లకు అడవి దాటాల్సిన చోటు కాదు, ఇంటి పెరడు. ఎండలు ముదురుతుంటే తెల్లవారకముందే లేచి ఇప్పపువ్వు ఏరుకోవడానికి వెళ్తుంది. ఆ తర్వాత తునికాకు కోత. అమ్మ కట్టే కట్టలకు ఆకులు లెక్కపెట్టి అందిస్తుంది. కొత్త పంట ఇంటికొచ్చినా కొత్తల పండుగ కాకుండా నోట పెట్టకూడదని ఆమెకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. చూస్తూ పెరుగుతుంది.

ఆ మాటకొస్తే ఈ సీమ పురాణం కూడా అడవి మనుషులతోనే మొదలవుతుంది. భద్రగిరిపై రాముడి విగ్రహాలను ముందు చూసి, పందిరి వేసి, పండ్లు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని స్థలపురాణం చెబుతుంది. గోపన్న గుడి కట్టించింది ఆ తర్వాతే. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నది పేరు శబరి. అతిథికి పండ్లు పెట్టిన ఆ తల్లి పేరే. ఈ కథల్లో అడవిలో ఉన్నది రాక్షసుడు కాదు, ఆతిథ్యం ఇచ్చిన గృహస్థు!

కాలం మారింది. పర్యావరణం గురించి అన్ని తరగతుల్లో చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బడి పుస్తకాల్లోకి, పిల్లల పత్రికల్లోకి కొత్తరకం కథలు వచ్చాయి. వీటిలో చెట్టు మాట్లాడుతుంది, కన్నీళ్ళు పెట్టుకుంటుంది. గొడ్డలి పట్టుకున్నవాడు దుర్మార్గుడు. చివర్లో పిల్లలంతా మొక్కలు నాటుతారు. ఉద్దేశం మంచిదే. పట్నం పిల్లలకు అవసరం కూడా.

కానీ అదే కథ అడవి అంచు బడిలో చదివితే? ఆ పిల్లవాడి ఇంట్లో చూరుకు గొడ్డలి వేలాడుతూ ఉంటుంది. పోడు కొట్టింది వాళ్ళ తాత. ఆ నేలలో జొన్న పండిస్తున్నది వాళ్ళ నాన్న. పాఠం అయిపోయేసరికి ఆ పిల్లవాడికి అర్థమయ్యేది ఏమిటి? కథలో దుర్మార్గుడు తన తండ్రేనని! ఏ తప్పూ చేయని పసివాడు తల దించుకుని ఇంటికి వెళ్ళాల్సి వస్తే, ఆ కథ ఎంత పచ్చగా ఉన్నా ఏం లాభం?

మోగ్లీ పెద్దయ్యాక...

మోగ్లీని మరిచిపోయినవాళ్ళు ఉండరు. ఆదివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చున్న తరానికి అతను ఇంట్లో మనిషి. రడ్‌యార్డ్ కిప్లింగ్ 1894లో 'జంగిల్ బుక్' వేసేటప్పటికే మోగ్లీ మీద పెద్దల కోసం ఓ కథ రాసి ఉన్నాడు. 1893లో అచ్చయిన ఆ కథ పేరు 'ఇన్ ది రుఖ్'. తోడేళ్ళతో పెరిగిన పిల్లాడు పెద్దయ్యాక ఏమయ్యాడో అందులో ఉంది. అటవీశాఖలో ఉద్యోగి అయ్యాడు! జీతం, పింఛను ఉన్న నౌకరు. అడవి తెల్లదొరల శాఖ చేతిలో ఉంది. పులి జాడ చెప్పగల మోగ్లీ ఆ శాఖకు పనికొచ్చాడు.

పిల్లల పుస్తకంలో అడవి మోగ్లీది. పెద్దల కథలో మోగ్లీయే అడవి శాఖవాడు. ఈ రెండింటి మధ్యా జరిగినదే మన దేశంలో అడవుల చరిత్ర. 1878 అటవీ చట్టంతో బ్రిటిషువాళ్ళు అడవులను రిజర్వు చేసుకుంటూ పోయారు. నైజాం ఇలాకాలోనూ అదే దారి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక గానీ సర్కారు ఉలిక్కిపడలేదు. ఆదివాసుల గోడు తెలుసుకోవడానికి ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య కూడా గడిపి, 1945లో వారి మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. కలప వ్యాపారుల అప్పుల్లో ఆ కుటుంబాలు ఎలా చిక్కుకున్నాయో అందులో రాశాడు. అంటే గొడ్డలి పట్టుకున్న చేయి కొండరెడ్డిదే. కానీ చెట్టు వెళ్ళింది వేరేవాడి పడవలోకి. చెట్టు కథ రాసేవాళ్ళు గొడ్డలి పట్టిన చేతినే కాదు, ఆ చేతిని కట్టేసిన అప్పునూ చూడాలన్నమాట.

ఒకరు కథలో... ఒకరు ఖమ్మంలో!

ఫ్రెంచి రచయిత జాఁ జియోనో 1953లో ఓ చిన్న కథ రాశాడు. పేరు 'చెట్లు నాటిన మనిషి'. బీడుపడిన కొండల్లో ఒంటరిగా గొర్రెలు కాసుకునే బుఫియే రోజుకు వంద ఓక్ గింజలు నాటుతూ పోతాడు. ఏళ్ళు గడిచేసరికి అడవి లేస్తుంది, వాగుల్లో నీళ్ళొస్తాయి, ఊళ్ళు తిరిగి నిండుతాయి. అది నిజంగా జరిగిందని ఎందరో నమ్మారు. కాదు, కల్పనేనని రచయిత చెప్పుకోవాల్సి వచ్చింది.

ఖమ్మంలో అలాంటి మనిషిని కల్పించాల్సిన అవసరం లేకపోయింది. రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య నిజంగానే ఉన్నాడు. జేబుల్లో విత్తనాలు, బండి మీద మొక్కలు, మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అన్న పలక. పక్కన భార్య జానమ్మ. కోటికి పైగా మొక్కలు నాటాడని పేరు. 2017లో పద్మశ్రీ వచ్చింది. జనం పెట్టుకున్న పేరు 'వనజీవి'. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశాడు. రోడ్ల పక్కన, కాల్వగట్ల మీద ఆయన చెట్ల నీడ మాత్రం అలాగే ఉంది. ఏ పిల్లల పుస్తకానికైనా ఇంతకంటే గొప్ప కథానాయకుడు దొరుకుతాడా?

అయితే జియోనో కథలో ఒక చిన్న సంభాషణ ఉంది. చాలామంది దాన్ని దాటేసి చదువుతారు. ఈ నేల నీదేనా అని కథకుడు అడుగుతాడు. కాదంటాడు బుఫియే. మరెవరిదో తెలుసా? తెలియదు. తెలుసుకోవాలనే ధ్యాస కూడా అతనికి లేదు. మనుషులు వదిలేసి వెళ్ళిన కొండ కాబట్టి అది చెల్లింది.

భద్రాచలం అడవుల్లో వదిలేసిన కొండలు లేవు. 2015లో హరితహారం మొదలయ్యాక పోడు భూముల్లో మొక్కల కోసం గుంతలు తీయబోతే అనేకచోట్ల గొడవలయ్యాయి. అటవీశాఖవారి లెక్కలో అది పోయిన అడవిని తిరిగి తెచ్చే పని. దున్నుకుంటున్నవారి లెక్కలో అది నోటికాడి కూడు లాగేసే పని. 'మొక్క నాటడం పుణ్యం' అని పుస్తకంలో చదివిన పిల్లవాడు, ఊరివాళ్ళు ఆ మొక్కకు అడ్డం నిలబడటం చూస్తే అయోమయంలో పడతాడు. ఎక్కడ నాటాలి, ఎవరిని అడిగి నాటాలి అన్న మాట కూడా కథలో ఉంటే ఆ అయోమయం ఉండదు. రామయ్య కథలో ఆ జవాబు దొరుకుతుంది. ఆయన ఎవరి చేనూ లాక్కోలేదు. ఖాళీ జాగా కనిపిస్తే నాటాడు, ఎవరింటికి వెళ్ళినా మొక్క చేతిలో పెట్టాడు.

అడవిని ప్రేమించి, అడవిని అమ్మినవాడు

ఇక పెద్దల నవలల్లోకి వస్తే... ముందు చెప్పుకోవాల్సింది 'వనవాసి'. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రాసిన 'ఆరణ్యక్'కు సూరంపూడి సీతారాం తెలుగు. బిభూతిభూషణ్ స్వయంగా బీహారులో భాగల్పూరు వైపు ఓ ఎస్టేటులో పనిచేశాడు. నవలలో సత్యచరణ్ కూడా అదే పని మీద కలకత్తా నుంచి వస్తాడు. మొదట అడవంటే విసుగు. తర్వాత వదలలేనంత మోజు. కానీ అతని ఉద్యోగమే ఆ అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడం! ప్రేమించినదాన్నే చేతులారా అమ్మేస్తాడు. ఆ బాధే నవలంతా.

అందులో యుగళప్రసాద్ అని ఒకడుంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఎందుకయ్యా అంటే లాభం ఏమీ లేదు, అడవి అందంగా ఉంటుందని! జియోనో కంటే ముందే, మన దేశపు నవలలో పుట్టిన వనజీవి అతను.

భానుమతి అనే సంతాల్ రాచబిడ్డ కూడా ఉంది. రాజ్యం పోయిన వంశం, పశువులు కాసుకునే బతుకు. భారతదేశం పేరు విన్నావా అని సత్యచరణ్ అడిగితే, వినలేదంటుంది. అదెటువైపు ఉందని ఎదురు అడుగుతుంది. చదువుతుంటే నవ్వొస్తుంది. మరుక్షణం గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

భద్రాచలం చుట్టుపక్కల వాళ్ళకు ఆ ప్రశ్న బాగా తెలుసు. 2014లో పోలవరం ముంపు కారణంగా అప్పటి ఖమ్మం జిల్లాలోని 7 మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని కొంతమేర, ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాముడి గుడి ఉన్న పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్ళింది. ప్రాజెక్టు వల్ల ఇళ్ళు వదలాల్సిన కుటుంబాలు ప్రభుత్వ లెక్కల్లోనే లక్షకు పైగా. వారిలో ఎక్కువమంది ఆదివాసులు. ఏ పొద్దున లేచి మా రాష్ట్రం ఎటువైపు ఉందని ఆ ఊళ్ళవాళ్ళు అడిగినా, అది భానుమతి అడిగిన ప్రశ్నే.

తెలుగు పాఠకులకు ఈ దారిలో నవలలకు కొదవలేదు. బిర్సా ముండా పోరాటం మీద మహాశ్వేతాదేవి రాసిన 'అరణ్యేర్ అధికార్' తెలుగులో 'ఎవరిదీ అడవి?'గా వచ్చింది. పేరే ప్రశ్న! అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీం' రాశారు. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ వెళ్ళిన ముసలివాడి ఒక్క రాత్రి ఉంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'లో కరువుకు తాళలేక గొర్రెల్ని నల్లమలకు తోలుకెళ్ళే కాపరులున్నారు. పదో తరగతి దాటిన పిల్లలున్న ఇంట్లో ఇవి అల్మారాలో ఉంటే చాలు. ఏదో ఒక వేసవి మధ్యాహ్నం వాళ్ళే తీసి చదువుతారు.

ఇద్దరి గోడూ వినిపించే కథ

మంచి కథకు ఒక లక్షణం ఉంది. అది ఒకరినే ఏడ్వనివ్వదు.

2022 నవంబరులో చండ్రుగొండ మండలం అడవుల్లో పోడు వివాదం ఒక అటవీ రేంజి అధికారి ప్రాణం తీసింది. ప్లాంటేషన్‌ను కాపాడటం ఆయన ఉద్యోగం. దాడి చేసినవారు గుత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ హింసకు ఊళ్ళు వదిలి గోదావరి ఇవతలికి వేల కుటుంబాలు తరలివచ్చాయి. ఇక్కడ అడవి నరికి సాగు చేసుకుంటున్నారు. వాళ్ళకు అక్కడ ఊరు లేదు, ఇక్కడ హక్కు లేదు. హత్యకు సమర్థన ఏదీ ఉండదు. నిందితులను కోర్టు శిక్షించింది. కానీ ఒక ఇంట్లో తండ్రి లేకుండా పోయాడు. ఇంకొన్ని గుడిసెల్లో తండ్రులు జైలుకు వెళ్ళారు. చెట్టు తప్పేమీ లేదు.

చట్టం తన వంతు ప్రయత్నం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసులకు 4 హెక్టార్ల వరకు హక్కు ఇవ్వాలంది. 2023లో తెలంగాణలో సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. అందులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే పెద్ద వాటా. అయినా గీత ఎక్కడో ఒకచోట గీయాలి. గీతకు అవతల ఎవరో ఒకరు మిగిలిపోతారు. అలా మిగిలిపోయినవాడి గుండె చప్పుడు చట్టానికి వినపడదు. ఎండలో బీటు తిరిగే గార్డు భయమూ వినపడదు. వాటిని వినిపించగలిగేది కథే. గార్డును రాక్షసుణ్ణి చేసిన కథ గానీ, పోడు రైతును రాక్షసుణ్ణి చేసిన కథ గానీ పాత కారడవి కథ కంటే ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు.

డోలు చెప్పిన పాత కథ

చెట్టుకేమైంది, చెట్టు ఎవరిది... రెండు ప్రశ్నలూ కలిసిన కథ ఎక్కడుందని దూరం వెతకనక్కర్లేదు. పక్కనే ఉంది. మేడారం జాతరకు రెండేళ్ళకోసారి లక్షలాదిమంది మొక్కే సమ్మక్క సారలమ్మల కథే అది. వానలు లేవు. వరుసగా కరువు. కోయ దొరలు కప్పం కట్టలేమన్నారు. కాకతీయ సైన్యం వచ్చింది. తల్లీబిడ్డలు ఎదురు నిలిచారు. చూడండి... కరువు పర్యావరణం, కప్పం సమాజం. ఎవరూ వాటిని విడదీయలేదు. విడదీయాలన్న ఆలోచనే రాలేదు.

ఆ కథ పుస్తకంలో పుట్టలేదు. గుడ్డ మీద బొమ్మలు గీసిన పడిగెలు విప్పి, డోలు మోగిస్తూ రాత్రంతా పాడే కళాకారుల గొంతులో బతికింది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ డోలు పట్టినవారిలో ఒకరు. కోయ వీరుల కథలను తెలుగులో, కోయభాషలో పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. అలాంటి ఒక్కరు పోతే ఎన్ని పుస్తకాలు పోయినట్టో ఎవరు లెక్క కట్టగలరు?

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8 గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. వాటిలో కోయ ఒకటి. తెలుగు లిపిలో కోయ మాటలు. ఇంటి మాట బడి పలక మీద చూసుకున్న పిల్ల బడికి భయపడదు. ఆ పని ఆగకుండా సాగాలి. డోలు కథలు అచ్చులోకి రావాలి. అవి చర్ల పిల్లలకే కాదు, ఖమ్మం, విజయవాడ, హైదరాబాదు పిల్లలకూ చేరాలి. గోదావరి ఒడ్డున సారపాకలో కాగితం మిల్లు ఉంది. చెట్టు కాగితమవుతుంది, కాగితం పుస్తకమవుతుంది. ఆ పుస్తకంలో అడవిబిడ్డ కథకు నాలుగు పేజీలైనా దక్కడం న్యాయం కదా!

ఈ రాత్రి పిల్లలకు కట్టెలు కొట్టేవాడి కథే చెప్పండి. పాతదైనా పరవాలేదు. దేవత మూడు గొడ్డళ్ళూ ఇచ్చేశాక కాసేపు ఆగండి. 'మరి ఆ చెట్టు ఎవరిది నాన్నా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. అడక్కపోతే మీరే అడగండి. ఒకడు దేవతదంటాడు. ఒకతె చెట్టు మీది పిట్టదంటుంది. కట్టెలు కొట్టేవాడి ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, వాడిది కూడా అని ఇంకొకరంటారు.

ఎవరినీ తప్పనకండి. ఆ ముగ్గురూ కలిసి కూర్చుంటేనే కథ ముందుకు సాగుతుంది. అడవి కూడా అంతే.